ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు స్పైనల్ ఇచ్చేముందు వెన్ను అల్ట్రాసౌండ్: థీసిస్‌కు సలహాలు కావాలి

మత్తు_పీజీ | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ వైపు అనెస్థీషియా పీజీ చేస్తున్నాను. థీసిస్ సినాప్సిస్ పెట్టే టైమ్ దగ్గర పడింది. నేను అనుకున్న విషయం ఇది. మన దగ్గర ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి ఫ్లోరోసిస్ వచ్చిన పెద్దవాళ్లు తుంటి బొక్క (ఎముక) విరిగో, ప్రోస్టేట్ ఆపరేషన్‌కో వస్తారు. వాళ్లకు స్పైనల్ (నడుము కింది భాగం మొద్దుబారేలా వెన్నులోకి ఇచ్చే మత్తు సూది) ఇవ్వడం చాలా కష్టంగా ఉంటుంది. నడుము వంగదు, లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) గట్టిపడి ఉంటాయి, సూది ఎటు తిప్పినా బొక్కే తగులుతుంది.

సూది పెట్టేముందే వెన్నును అల్ట్రాసౌండ్‌తో చూసి, వెన్నుపూసల మధ్య సందు ఎక్కడ తెరుచుకుని ఉందో చర్మం మీద గుర్తు పెట్టుకుంటే మొదటిసారికే సూది అందుతుందా? ఒక గ్రూపుకు మామూలుగా చేత్తో తడిమి, ఇంకో గ్రూపుకు అల్ట్రాసౌండ్ చూసి చేసి పోల్చాలని ఉంది. మా గైడ్ సరే అన్నారు కానీ రెండు ప్రశ్నలు వేశారు. ఫ్లోరోసిస్ అని దేన్ని చూసి చెబుతావు? ఎంతమందిని తీసుకుంటావు?

ఈ టాపిక్ మీద నాకు పట్టుదల ఎందుకంటే, స్పైనల్ మీద నేను చదివిన పేపర్లలో చాలావాటిలో "వెన్ను వైకల్యం ఉన్నవారిని తీసుకోలేదు" అనే లైన్ కనిపించింది. అక్కడ వదిలేసిన వాళ్లే మన టేబుల్ మీదకు వస్తున్నారు.

పానగల్లు | సోమవారం, రాత్రి 10:05

డాక్టర్, తప్పకుండా చెయ్యండి. నేను ఈ జిల్లాలో చాలా ఏళ్లుగా మత్తు ఇస్తున్నాను. ఈ ప్రశ్నకు జవాబు మన దగ్గర నుంచే రావాలి.

ముందు రెండు పాత పరిశోధనలు చదవండి. 2000లో బ్రాడ్‌బెంట్ బృందం బ్రిటన్‌లో చేసినది ఒకటి. ఎంఆర్‌ఐకి వచ్చిన 100 మంది నడుము మీద ఒక గుర్తు పెట్టి, అది ఏ సందు అని అనెస్థటిస్టులను అడిగారు. ఎంఆర్‌ఐతో సరిచూస్తే 29 శాతమే సరైన జవాబులు. ఎక్కువసార్లు అసలు సందు వాళ్లు అనుకున్నదానికంటే ఒక మెట్టు పైన ఉంది. వాళ్ల దగ్గర మామూలు నడుములకే ఇలా ఉంటే, వంగిపోయి బిగుసుకున్న మన పెద్దవాళ్ల నడుముల సంగతి ఆలోచించండి. వెన్నుపాము సాధారణంగా ఎల్1 (నడుములోని మొదటి వెన్నుపూస) దగ్గర ఆగుతుంది. ఎల్3–ఎల్4 అనుకుని ఎల్2–ఎల్3లోకి వెళ్తే మనకు మిగిలే జాగా చాలా తక్కువ.

రెండోది 2011లో టొరంటో నుంచి చిన్ బృందం వేసినది. వాళ్లు కావాలనే కష్టమైన నడుములను తీసుకున్నారు: బాగా లావున్నవాళ్లు, గూని వంకర ఉన్నవాళ్లు, ముందే నడుము ఆపరేషన్ అయినవాళ్లు. మొత్తం 120 మంది. మొదటి ప్రయత్నంలో అందినది తడిమి చేసిన గ్రూపులో 32 శాతం, అల్ట్రాసౌండ్ గ్రూపులో 65 శాతం. మీ థీసిస్‌కు ఇదే పునాది. కానీ ఫ్లోరోసిస్ కథ వేరు. లావు మనిషిలో సందు ఉంటుంది, కనిపించదంతే. ఫ్లోరోసిస్‌లో సందే మూసుకుపోయి ఉండొచ్చు. టొరంటో ఫలితం ఇక్కడ అలాగే వస్తుందని ముందే అనుకోవద్దు.

కృష్ణానీళ్లు | మంగళవారం, ఉదయం 6:50

నేను డాక్టర్‌ని కాదు. మర్రిగూడ మండలం మాది. మా అమ్మకు తొడ బొక్క విరిగితే పోయిన ఏడాది ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయినం. నడుముకు చాలాసార్లు గుచ్చారు. అమ్మ అరుపులు బయటికి వినబడ్డాయి. చివరికి సూది దిగడం లేదని పూర్తి మత్తు ఇచ్చారు. ముందే ఎక్స్‌రే తీశారు కదా, అందులో కనబడలేదా అని అడిగితే సరైన జవాబు చెప్పినవాళ్లు లేరు.

మీరు చేసే చదువు మంచిదే. కానీ ఒక్క మాట అడుగుతా. లాటరీ తీసి ఒకరికి మెషీన్‌తో చూస్తాం, ఇంకొకరికి చూడం అంటున్నారు. మా అమ్మ లాంటి మనిషికి చూడని గ్రూపు వస్తే ఆమె సంగతేంది?

మత్తు_పీజీ | మంగళవారం, మధ్యాహ్నం 2:15

అన్నా, మీ అమ్మగారు పడిన బాధ నాకు అర్థమైంది. మీరు అడిగినది అన్నిటికంటే ముందు తేలాల్సిన ప్రశ్న. తడిమి చేసే పద్ధతి ఇప్పుడు అన్నిచోట్లా చేస్తున్నదే, కాబట్టి ఆ గ్రూపుకు ఇప్పటికంటే తక్కువ వైద్యం అందదు. అయినా అంతటితో వదిలెయ్యను. రెండు ప్రయత్నాల్లో అందకపోతే ఆ గ్రూపులో కూడా వెంటనే అల్ట్రాసౌండ్ పెట్టాలని ప్రోటోకాల్‌లోనే రాస్తాను. దాన్ని రెస్క్యూ అంటాం. మళ్లీ మళ్లీ గుచ్చే పరిస్థితి ఏ గ్రూపులోనూ రానివ్వను.

పాలమూరు_రేడియాలజీ | మంగళవారం, సాయంత్రం 5:40

మహబూబ్‌నగర్ నుంచి రేడియాలజిస్టుని. కృష్ణానీళ్లు గారు అడిగిన "ఎక్స్‌రేలో కనబడలేదా" అన్న మాటతోనే మొదలుపెడతాను. చాలావరకు కనబడుతుంది. అడిగి చూపించుకుంటే.

ఫ్లోరైడ్ ఎముకలోకి చేరి దాని స్ఫటికాన్నే మారుస్తుంది. ఎముక ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. దట్టంగా ఉంది కదా అని గట్టిది అనుకోకండి, పెళుసుగా ఉంటుంది. అందుకే చిన్నగా జారిపడినా తుంటి విరుగుతుంది. తర్వాత లిగమెంట్లలో కాల్షియం పేరుకుంటుంది. అన్నిటికంటే తేలికగా గుర్తుపట్టే చోటు ముంజేయి. రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి, ఎక్స్‌రేలో ముల్లులా పొడుచుకొచ్చి కనిపిస్తుంది. కాబట్టి నిర్ధారణకు ఇవి పెట్టుకోండి: ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారన్న చరిత్ర, ముంజేయి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్. వీటితోపాటు మంచం దగ్గర చేసే మూడు పరీక్షలు: గడ్డం ఛాతీకి ఆనించడం, మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోవడం, చేతులు తల వెనక్కి పెట్టడం. తుంటి విరిగిన మనిషిని కాలి వేళ్లు అందుకోమనలేం కాబట్టి వాళ్లకు మిగతా రెండూ చాలు.

మూత్రం పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మిషన్ భగీరథ నల్లా ద్వారా కృష్ణా నీళ్లు తాగుతున్న మనిషికి ఇప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ తగ్గి ఉండొచ్చు. ముప్పై ఏళ్ల కింద ఎముకలో చేరినది అక్కడే ఉంటుంది. నీళ్లు మారినా ఈ వెన్నులు ఇంకా చాలా ఏళ్లు మన ఆపరేషన్ థియేటర్లకు వస్తూనే ఉంటాయి.

ఇక అల్ట్రాసౌండ్. వంపు ప్రోబ్ వాడండి, 2–5 మెగాహెర్ట్జ్. పక్క నుంచి కొంచెం మధ్యకు వాల్చి చూస్తే రెండు తెల్లని గీతలు రావాలి. వెనక గీత లిగమెంటం ఫ్లేవమ్ (వెన్నుపూసల వెనక ఉండే లిగమెంట్), డ్యూరా (వెన్నుపాము చుట్టూ ఉండే పొర) కలిసినది. ముందు గీత వెన్నుపూస వెనక భాగం. ముందు గీత కనిపించిందంటే ధ్వని తరంగం లోపలిదాకా వెళ్లి తిరిగొచ్చింది, సూదికీ దారి ఉండే అవకాశం ఎక్కువ. ఎముక దగ్గర తరంగం ఆగిపోతుంది, దాని వెనక అంతా నీడే. ఏ సందులో ముందు గీత రాకపోతే అక్కడ సూది పెట్టేముందు బాగా ఆలోచించుకోవాలి.

నాకైతే మీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైనది ఇదే. ముందు గీత కనిపించిన సందులు ఎన్ని, వాటిలో సూది అందినవి ఎన్ని అన్నది విడిగా రాయండి. ఫ్లోరోసిస్ వెన్నులో ఈ లెక్క ఎవరైనా తీస్తే నేను ముందు వరసలో కూర్చుని వింటాను.

జడ్చర్ల_ఆర్థో | మంగళవారం, రాత్రి 8:10

అందరికీ సీటీ తీస్తే సరిపోతుంది కదా? లిగమెంట్ ఎంత ఎముకగా మారిందో స్పష్టంగా తెలుస్తుంది. మాకూ పనికొస్తుంది.

పాలమూరు_రేడియాలజీ | మంగళవారం, రాత్రి 8:45

స్పష్టంగా తెలుస్తుంది, నిజమే. కానీ పరిశోధన కోసమే సీటీ తియ్యడానికి నేను ఒప్పుకోను. ఒక ఛాతీ ఎక్స్‌రేకు దాదాపు 0.02 మిల్లీసీవర్ట్ రేడియేషన్. నడుము సీటీకి అది కొన్ని మిల్లీసీవర్ట్‌లు, అంటే వందల రెట్లు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేదే 2.4. వైద్యానికి అవసరమై తీసిన సీటీ ఉంటే వాడుకోండి, అందులో తప్పేం లేదు. ముంజేయి ఎక్స్‌రే మోతాదు చాలా స్వల్పం, అది పర్వాలేదు.

ఒక సందర్భంలో మాత్రం పట్టుబట్టి అడగండి. కాళ్లలో బలం తగ్గిందన్నా, నడక బిగుసుకుపోయిందన్నా, మూత్రం పట్టు తప్పిందన్నా స్పైనల్‌కు ముందు ఎంఆర్‌ఐ కావాలి. ఫ్లోరోసిస్‌లో గట్టిపడిన లిగమెంట్లు వెన్నుపామును నొక్కుతాయి, మెడ దగ్గర, ఛాతీ వెనక మరీ ఎక్కువ. అలాంటివాళ్లను మీ అధ్యయనంలోకి తీసుకోవద్దు. గూని బాగా ఉన్నవాళ్లు ఎంఆర్‌ఐ టేబుల్ మీద వెల్లకిలా పడుకోలేరు. తల కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి, మధ్యమధ్యలో మాట్లాడిస్తూ తియ్యాలి. మా టెక్నీషియన్లు ఓపిగ్గా చేస్తారు, పంపించండి.

లెక్కల_సారు | బుధవారం, ఉదయం 7:30

బయోస్టాటిస్టిక్స్ చెప్తాను, థీసిస్ లెక్కలు చూస్తుంటాను. ఎంతమంది కావాలన్నది చూద్దాం.

టొరంటో అంకెలనే తీసుకుంటే, 32 శాతం నుంచి 65కి పెరుగుతుందనుకుంటే, 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫాతో (లేని తేడాను ఉందనుకునే అవకాశం) గ్రూపుకు 35 మంది చాలు. పది శాతం మంది మధ్యలో తప్పుకుంటారనుకుని 39 పెట్టుకోవచ్చు. కానీ పానగల్లు గారు చెప్పినట్టు సందే మూసుకుపోయిన చోట అంత లాభం రాకపోవచ్చు. 32 నుంచి 52కే పెరుగుతుందనుకుంటే గ్రూపుకు 95 మంది కావాలి. తప్పుకునేవాళ్లను కలిపి 106. 35 మందితో మొదలుపెట్టి, అసలు తేడా 20 శాతమే ఉంటే, మీకు "తేడా లేదు" అనే ఫలితం వచ్చే ప్రమాదం ఎక్కువ. అది చదివి రేపు ఎవరైనా మెషీన్ అక్కర్లేదంటే నష్టపోయేది పేషెంట్లే. చిన్న శాంపిల్‌తో వచ్చే హాని ఇది. థీసిస్ పాసవడంతో పోయేది కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. "ప్రయత్నం" అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోండి. చర్మంలో కొత్తగా గుచ్చితే ఒక ప్రయత్నం. చర్మం నుంచి బయటికి తియ్యకుండా దిశ మారిస్తే అది పాస్. రెండూ వేరువేరుగా లెక్కించాలి. లెక్కించేది సూది పట్టుకున్న మనిషి కాకూడదు. గ్రూపుల కేటాయింపు కంప్యూటర్‌తో చేసి, లోపలిది కనపడని కవర్లలో సీల్ చేసి పెట్టండి. కవర్ తెరిచేది పేషెంట్ ఒప్పుకున్నాకే.

మత్తు_పీజీ | బుధవారం, మధ్యాహ్నం 1:50

సార్, గ్రూపుకు 106 మంది అంటే మా ఒక్క కాలేజీలో నాకున్న టైమ్‌లో కష్టమే. టెన్షన్‌గా ఉంది. మహబూబ్‌నగర్, సూర్యాపేట కాలేజీలతో కలిసి చెయ్యొచ్చా?

లెక్కల_సారు | బుధవారం, మధ్యాహ్నం 2:30

చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. మహబూబ్‌నగర్ కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేట కాలేజీలు 2019లో మొదలయ్యాయి. ఇన్ని కాలేజీలు పక్కపక్కనే ఉండి ఎవరి థీసిస్ వాళ్లే చిన్నచిన్నగా చేసుకోవడం నాకు నచ్చదు. ప్రోటోకాల్ ఒకటే ఉండాలి, సెంటర్ వారీగా విడివిడిగా రాండమైజ్ చెయ్యాలి, అంటే చీటీ తీసినట్టు గ్రూపులు పంచాలి. ప్రతి సెంటర్‌లో ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఇవేవీ కుదరకపోతే పోలిక మానేసి, అల్ట్రాసౌండ్‌లో కనిపించినదానికీ సూది అందడానికీ సంబంధం ఎంత అన్న పరిశీలన అధ్యయనం చెయ్యండి. రేడియాలజీ మేడం చెప్పినది అదే కదా. నిజాయితీగా చేసిన పరిశీలన, శాంపిల్ సరిపోని ట్రయల్ కంటే ఎంతో మేలు.

పానగల్లు | బుధవారం, రాత్రి 9:15

రెండు విషయాలు మర్చిపోకముందే.

మొదటిది మెషీన్. గర్భంలో లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం కింద అల్ట్రాసౌండ్ మెషీన్ ఏ విభాగంలో ఉన్నా రిజిస్ట్రేషన్ ఉండాలి. నరాల బ్లాకులకే (నరం చుట్టూ మందు ఇచ్చి మొద్దుబార్చడానికే) వాడుతున్నాం అంటే కుదరదు. రిజిస్టర్ చేసిన చోటు నుంచి బయటికి తీసుకెళ్లకూడదు, కాబట్టి ఒకే మెషీన్‌ను మూడు ఊళ్లకు తిప్పుదామన్న ఆలోచన పెట్టుకోవద్దు. గర్భిణులను తీసుకుంటే ఫారం ఎఫ్ (గర్భిణి స్కాన్‌కు నింపే రికార్డు) వంటి నిబంధనలన్నీ వస్తాయి. సిజేరియన్లలోనే స్పైనల్ ఎక్కువ ఇస్తామని తెలుసు, ఆ తల్లులకూ ఈ జవాబు కావాలి. కానీ మొదటి అధ్యయనం ఎముకల ఆపరేషన్లతో మొదలుపెట్టండి.

రెండోది, సందు దొరకకపోతే ఏం చేస్తారో ముందే రాయండి. మధ్యలో లిగమెంట్ గట్టిపడినా పక్క నుంచి, పారామీడియన్‌గా వెళ్తే దారి దొరకొచ్చు. అన్నిటికంటే పెద్ద సందు నడుము అడుగున ఉండే ఎల్5–ఎస్1, టేలర్ పద్ధతిలో (కింద పక్క నుంచి సూది వాల్చి) అక్కడికి పోవచ్చు. అదీ కాకపోతే పూర్తి మత్తే. కానీ వీళ్లలో అది కూడా సులువు కాదు. మెడ వెనక్కి వంగదు, పక్కటెముకలు బిగుసుకుని ఛాతీ విచ్చుకోదు. వీడియో లారింగోస్కోప్ (గొంతులో గొట్టం వేసేందుకు కెమెరాతో చూసే పరికరం) పక్కన పెట్టుకునే స్పైనల్ మొదలుపెట్టాలి. గూని ఉన్న మనిషిలో హెవీ బుపివకైన్ (స్పైనల్‌లో ఇచ్చే మత్తుమందు) ఎంత ఎత్తుకు పాకుతుందో చెప్పడం కష్టం కాబట్టి మోతాదు విషయంలో తొందరపడొద్దు.

వార్డ్_సిస్టర్ | గురువారం, ఉదయం 5:55

డాక్టర్ గారూ, ఆర్థో వార్డులో పనిచేస్తాను. మీ ప్లాన్‌లో సూది గురించి అంతా ఉంది, కూర్చోబెట్టడం గురించి లేదు. తొడ విరిగిన ముసలామెను ఆ నొప్పితో కూర్చోబెట్టి నడుము వంచమంటే ఏ మెషీన్ ఉన్నా లాభం లేదు. మా దగ్గర ఒక మేడం ముందు తొడ దగ్గర నరానికి బ్లాక్ ఇచ్చి, నొప్పి తగ్గాక కూర్చోబెడతారు. తేడా కళ్లకు కనిపిస్తుంది. రెండు గ్రూపులకూ అది ఇవ్వండి.

రాత్రి నుంచే నీళ్లు బంద్ పెట్టడం కూడా ఆపించండి. తిండికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు అని మీరే కదా చెప్తారు. ఆపరేషన్ మధ్యాహ్నానికి పోతే పాపం ఆ పెద్దవాళ్లు నాలుక ఎండిపోయి ఉంటారు.

ఉదయసముద్రం | గురువారం, ఉదయం 11:20

నేను ఒక ఎథిక్స్ కమిటీలో వైద్యరంగం బయటి సభ్యుణ్ని. సమ్మతి పత్రం గురించి నా మాట.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదివే ఉంటారు. చదువురాని మనిషి వేలిముద్ర వేస్తే, చదువొచ్చిన స్వతంత్ర సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి. ఆ సాక్షి మీ టీమ్ మనిషి కాకూడదు. పరిశోధన కోసం చేసే స్కాన్‌కు పేషెంట్ దగ్గర పైసా తీసుకోకూడదు. సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయళ్లను నమోదు చేసే రిజిస్ట్రీలో) మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే రిజిస్టర్ చెయ్యాలి. 2018 ఏప్రిల్ నుంచి తర్వాత చేసుకుంటామంటే తీసుకోవడం లేదు.

ఇవన్నీ నియమాలు. నా అసలు బాధ పత్రంలోని భాష మీద. "యాదృచ్ఛికీకరణ", "ఉపకటి రంధ్రీకరణ" అని రాసి తెస్తారు. అది ఎవరికి అర్థమవుతుంది? "మీకు ఏ పద్ధతి వస్తుందో చీటీ తీసి నిర్ణయిస్తాం, డాక్టర్ ఇష్టం మీద ఉండదు" అని రాయండి. "వద్దంటే మీ ఆపరేషన్ ఆగదు, మీ వైద్యంలో తేడా రాదు" అన్న వాక్యం మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో ఉండాలి. థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ మీద సంతకం తీసుకుంటే నేను ఒప్పుకోను. ముందు రోజు వార్డులో, ఇంటివాళ్లు ఉన్నప్పుడు అడగాలి.

కృష్ణానీళ్లు | గురువారం, రాత్రి 8:30

ఉదయసముద్రం సార్ చెప్పినట్టు రాస్తే మా ఊరి పెద్దమనుషులకు అర్థమవుతుంది. పత్రం తయారయ్యాక నాకు పంపండి. నలుగురు ముసలోళ్లకు చదివి వినిపిస్త. వాళ్లకు తెలియని మాట ఏదో చెప్తా.

భయం ఒకటి అందరికీ ఉంది, దాని గురించి కూడా అందులో రాయండి. నడుముకు సూది పడితే జీవితాంతం నడుము నొప్పి పోదని మా దిక్కు అందరూ అంటారు.

పానగల్లు | గురువారం, రాత్రి 9:40

రాయించండి తమ్ముడూ, మంచి మాట చెప్పావు. సూది పెట్టిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి స్పైనల్ కారణమని పరిశోధనల్లో తేలలేదు. మన దగ్గర ఆ నొప్పి ముందునుంచే ఉన్నవాళ్లు ఎక్కువ, ఫ్లోరోసిస్ వల్లే. అందుకే ఆపరేషన్‌కు ముందు నొప్పి ఎంత ఉందో, కాళ్లలో బలం ఎంత ఉందో రాసి పెట్టుకోవాలి. తలనొప్పి మాత్రం కొందరికి నిజంగానే వస్తుంది, దాచకుండా చెప్పాలి. సన్నని పెన్సిల్ మొన సూది వాడితే అది బాగా తగ్గుతుంది.

పీజీ డాక్టర్‌కు ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో శుద్ధి చేసే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారుచేస్తే, దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. దేశాలు దాటి పోయింది ఆ పేరు. అదే నీళ్లు తాగిన మనుషులకు మత్తు ఎలా ఇవ్వాలో కూడా నల్లగొండ నుంచే జనం నేర్చుకోవాలని నా కోరిక.

మత్తు_పీజీ | శుక్రవారం, రాత్రి 10:30

మా గైడ్‌కు ఈ చర్చ మొత్తం చూపించాను. మహబూబ్‌నగర్‌లో మాట్లాడతామన్నారు. ముందుగా పరిశీలన అధ్యయనం, అది నడుస్తుండగా రెండు మూడు సెంటర్ల ట్రయల్‌కు అనుమతులు, ఇలా అనుకున్నాం. బ్లాక్ ఇవ్వడం, రెస్క్యూ, ముందురోజు సమ్మతి అన్నీ ప్రోటోకాల్‌లోకి వచ్చాయి. కృష్ణానీళ్లు అన్నా, పత్రం వచ్చే వారం పంపుతాను.

ఒక సందేహం మిగిలింది. స్కాన్‌లో కనిపించిన వివరాలు పేషెంట్‌కు ఏ రూపంలో ఇవ్వాలి? ఫిల్మ్ ఇస్తే ఇంట్లో ఎక్కడో పడిపోతుంది.

పాలమూరు_రేడియాలజీ | శుక్రవారం, రాత్రి 11:05

ఆధార్ కార్డు సైజులో ఒక కార్డు ఇవ్వండి, లామినేట్ చేసి. ఒకవైపు తెలుగులో: "నాకు ఫ్లోరోసిస్ ఉంది. మెడ, నడుము వంగవు. ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టర్‌కు ఈ కార్డు చూపించాలి." రెండోవైపు డాక్టర్ల కోసం: ఏ సందులో ముందు గీత కనిపించింది, చర్మం నుంచి లోతు ఎన్ని సెంటీమీటర్లు, మధ్య నుంచి అందిందా పక్క నుంచా, నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత వంగుతుంది, తేదీ. స్పైనల్ అందని వాళ్లకు కూడా ఇవ్వండి. వాళ్లకే ముఖ్యంగా ఇవ్వండి. కార్డు నమూనా నేను రేపు గీసి ఇక్కడే పెడతాను, సిస్టర్ గారు చూసి వార్డులో నింపడానికి వీలుగా ఉందో లేదో చెప్పాలి.